ముందు ఇంజన్, తర్వాతే స్తంభాలు

చి. సౌజన్యకు ఆశీస్సులు.

లండన్ కేమ్డెన్‌లోని రౌండ్‌హౌస్, అదే ఒకప్పటి గుండ్రటి రైలింజన్ల షెడ్డు, మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం నీకు బాగా పలుకుతోంది. కానీ మొదటి రెండు పేజీలూ ప్రాచీన గ్రీకు తీరులో ఉన్న డోరిక్ స్తంభాల సొగసుకే సరిపోయాయి, ఇంజన్ మూడో పేజీలో గానీ కనపడలేదు. అది కట్టింది ఇంజన్లు కట్టేసుకోడానికి. గొడ్ల చావడి గురించి రాస్తూ గొడ్లని వదిలేసి దూలాలు వర్ణిస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ముందు లెక్క వేసుకో. 160 అడుగుల వ్యాసం ఉన్న గుండ్రటి ఇటుక గోడ, నట్టనడుమ టర్న్‌టేబుల్ (ఇంజన్‌ని కావలసిన వైపుకి తిప్పే గుండ్రటి బల్ల), దాని చుట్టూ 24 పట్టాల దారులు. రాకపోకలకి ఒకటి పోగా 23 ఇంజన్లు నిలుస్తాయి. దారికీ దారికీ మధ్య 15 డిగ్రీలు. ఒక్కో దారిలో పట్టాల మధ్య ఎడం 4 అడుగుల 8½ అంగుళాలు. అలాంటివి 24 వరసగా చుట్టూ పేర్చాలంటే దాదాపు 113 అడుగుల చుట్టుకొలత, అంటే 36 అడుగుల వ్యాసం కావాలి. అంతకన్నా లోపలికి జరిగితే పక్కపక్క దారుల పట్టాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. అదే గోడ దగ్గర దారికి సుమారు 21 అడుగుల జాగా ఉంటుంది. స్కేలూ కోణమానినీ పెట్టి గీసి చూడు. ఒక్కో ఇంజన్‌కి దక్కేది కోసిన పుచ్చకాయ ముక్కలాంటి చోటు. నడుమ వైపు మనిషి దూరే సందుండదు, పనివాళ్లు మసలేదంతా గోడ వైపే. ఈ బొమ్మ నీకు కళ్లకి కట్టాక స్తంభాలు ఎందుకు 24 ఉన్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు. దారికి అడ్డం రాకుండా, రెండు దారుల మధ్య ఒకటి చొప్పున నిలబెట్టారు.

'ఇనుము' అని ఒక్కమాటలో తేల్చేశావు. అది పోత ఇనుము. మీద పడే బరువుని ఎంతైనా ఓరుస్తుంది, లాగితే మాత్రం పెళుక్కున విరుగుతుంది. అందుకే ఆ కాలపు ఇంజనీర్లు నిలువు స్తంభాలకి పోత ఇనుము, లాగుడు పడే కడ్డీలకి చేత ఇనుము వాడేవాళ్లు. పాఠకుడికి ఈ తేడా తెలియాలి.

ఇక పొగ. చల్లారిన ఇంజన్‌లో నిప్పు రాజేస్తే ఆవిరి పుంజుకోడానికి గంటలు పడుతుంది. పొగ ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. శంకువు ఆకారపు స్లేటు కప్పు, దాని శిఖరాన పొగగూడు ఎందుకున్నాయో ఇక్కడ చెప్పాలి. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, తేమ తగిలితే ఆమ్లమై కప్పు కింది ఇనుముని తినేస్తుంది. గాలి ఆడని షెడ్డుకి ఆయుష్షు తక్కువ. బాయిలర్ వాషౌట్ గురించి కూడా రెండు వాక్యాలు రాయి. లోపల నీళ్ల నుంచి పేరుకున్న బురదా, గట్టిపడిన ఖనిజాల పొలుసూ కడగాలంటే ముందు బాయిలర్ చల్లారాలి. తొందరపడి వేడి మీద చన్నీళ్లు కొడితే లోహం ఒక్కసారిగా ముడుచుకుని గొట్టాల అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. ఇంజన్ ఇంతింతసేపు ఖాళీగా నిలవాల్సి వచ్చేది కాబట్టే అన్ని దారులు కావాల్సి వచ్చాయి.

గుండ్రంగానే ఎందుకు కట్టారన్నది నువ్వు అసలు అడగలేదు. పొడుగు షెడ్డులో ముందున్న ఇంజన్ కదిలితే గానీ వెనకది బయటికి రాదు. ఇక్కడ దేని దారి దానిదే. కాకపోతే టర్న్‌టేబుల్ మొరాయిస్తే 23 ఇంజన్లూ లోపలే బందీ. ఇంజన్ బరువు నడిమి ఇరుసు మీద సరిగ్గా తూగకపోతే అంచు చక్రాల మీదికి భారం వాలుతుంది, ఇక ఎంతమంది తోసినా బల్ల తిరగదు.

ఈ కట్టడాన్ని దెబ్బతీసింది కూడా ఈ లెక్కే. ఇంజన్లు పొడుగయ్యాయి. బల్లని పెద్దది చేద్దామంటే గోడ జరగదు, ఆ మేరకి ఇంజన్ నిలిచే చోటు తగ్గిపోతుంది. 1847లో పూర్తయిన షెడ్డు పాతికేళ్లు తిరక్కుండానే గిల్బీ అనే మద్యం కంపెనీ వాళ్ల జిన్ సారా గోదాం అయింది. 1964 తర్వాత కళల వేదికగా మారిన సంగతికి నాలుగు వాక్యాలు చాలు. నీ వ్యాసంలో సంగీత కచేరీలకే ఒక పేజీ పోయింది.

పేర్ల దగ్గర జాగ్రత్త. రైల్వే ఇంజనీరుగా రాబర్ట్ స్టీఫెన్సన్ పేరు పెద్దది కాబట్టి అంతా ఆయన ఖాతాలో వేసేశావు. దీని రూపకల్పనలో పనిచేసిన ఇంజనీరు రాబర్ట్ డాక్రే పేరు కూడా ఉండాలి. 'ప్రపంచంలో మొట్టమొదటి రౌండ్‌హౌస్' అన్న వాక్యం కొట్టెయ్. డర్బీలోది 1839 నాటిది, ఇప్పటికీ నిలిచే ఉంది. బర్మింగ్‌హామ్ కర్జన్ స్ట్రీట్‌లో 2020లో తవ్వకాల్లో పునాదులు బయటపడ్డది అంతకన్నా పాతది. ఇంగ్లండ్ వెళ్లే వీలుంటే చెస్టర్‌ఫీల్డ్ దగ్గర బారో హిల్ చూసిరా. 1870లో కట్టారు. బయట చదరం, లోపల గుండ్రం. ఇంకా ఇంజన్లు నిలుస్తున్నాయి.

మాటలకి నిఘంటువు తిరగెయ్యకు. 'భ్రమణ వేదిక' అని రాశావు, అదెవరికి అర్థమవుతుంది? బిట్రగుంటలోనో కాజీపేటలోనో ఆవిరి ఇంజన్ల మీద పనిచేసి రిటైరైన ఫైర్‌మన్ ఎవరైనా దొరికితే ఒక పూట కూర్చో. లోకో షెడ్డు, టర్న్‌టేబుల్, వాషౌట్ అనే అంటారు. నువ్వూ అలాగే రాయి.

రెండో ప్రతితో పాటు 15 డిగ్రీల కోణాలతో గీసిన ఆ బొమ్మ కూడా పంపు. ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు