ఏడు నెలలుగా యాంటీబయాటిక్స్ వాడుతున్నా, పాదాల్లో మంటలు... ఇంకా వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36, ఖమ్మం దగ్గర ఉంటాం, బట్టల షాపులో పని. మూడేళ్ల కింద కొలనోస్కోపీ చేసి క్రోన్స్ డిసీజ్ (పేగులో మానని వాపు) అన్నారు, చిన్నపేగు చివర్లో ఉందంట, అజథయోప్రిన్ వాడుతున్నా. పోయిన ఏడాది మోషన్ దారి పక్కన గడ్డ లేచి పగిలి చీము కారింది, ఫిస్టులా అన్నారు. మెట్రోనిడజోల్ 400 మూడు పూటలా, సిప్రోఫ్లాక్ససిన్ 500 రెండు పూటలా నెల రోజులకి రాశారు. వాడినన్నాళ్లు చీము ఆగింది, ఆపిన పది రోజులకే మళ్లీ మొదలు. అప్పట్నుంచి అదే చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నా, ఏడు నెలలైంది. రెండు నెలలుగా పాదాల్లో తిమ్మిర్లు, రాత్రయితే కారం పూసినట్టు మంట. బీ కాంప్లెక్స్ వేసుకున్నా తగ్గట్లేదు. ఇవి జీవితాంతం వాడొచ్చా? మా ఆవిడేమో ఇంగ్లిష్ మందులన్నీ ఆపేసి లూటీ (ఫిస్టులా) వైద్యం చేసేవాళ్ల దగ్గర దారం కట్టించుకుందాం అంటోంది. పెరుగు కూడా మానేయమంటోంది.

జవాబు: ముందు పాదాల సంగతి చూద్దాం, మీరు దాన్ని చివర్లో రాశారు గానీ నాకు అదే మొదటిది. మీరు వాడుతున్న మెట్రోనిడజోల్ రోజుకి 1.2 గ్రాములు. మొత్తం కలిపి 42 గ్రాములు దాటితే, అంటే మీ డోసులో 35 రోజులు దాటితే, నరాలు దెబ్బతినే రిస్క్ బాగా పెరుగుతుందని మాకు తెలుసు. మీరు ఏడు నెలల్లో వాడింది దాదాపు 250 గ్రాములు. సిప్రో కూడా నరాల్ని దెబ్బతీసే మందే, రెండూ కలిపి వేశారు. కాబట్టి ఇవాళే మీ గ్యాస్ట్రో డాక్టర్‌కి ఫోన్ చేసి తిమ్మిర్ల గురించి చెప్పి ఈ రెండూ ఆపేయండి. యాంటీబయాటిక్‌ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రానక్కర్లేదు, ఆపితే ఆగిపోతుంది. డాక్టర్ దొరకలేదని ఇంకో వారం మాత్రం లాగొద్దు. అజథయోప్రిన్ మాత్రం సొంతంగా ఆపకండి, అది క్రోన్స్ వాపుని అణిచే పనిలో ఉంది, దానికి మూడు నెలలకోసారి రక్తకణాల టెస్ట్, లివర్ టెస్ట్ జరుగుతున్నాయో లేదో చూసుకోండి.

మా ఓపీలో ఇలా వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది, నడుస్తుంటే హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదా అని. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి మీద పెడతాను, కళ్లు మూసుకుని అదురు ఆగినప్పుడు చెప్పమంటాను. నరం దెబ్బతిన్నవాళ్లు "ఆగిపోయింది సార్" అంటారు, నా వేళ్లకేమో అది ఇంకా అదురుతూనే ఉంటుంది. మీకూ ఈ పరీక్ష చేయించుకోండి, రెండు నిమిషాల పని. మందు ఆపాక చాలామందికి తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. మాట ముద్దగా రావడం, నడిస్తే తూలడం, ఫిట్స్ లాంటివి ఉంటే మాత్రం ఓపీ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, మెట్రోనిడజోల్ అరుదుగా మెదడు మీదా పనిచేస్తుంది.

అయితే తప్పంతా మందు మీదే వేసేయడానికి లేదు. మీ క్రోన్స్ ఉన్న చోటు చిన్నపేగు చివరిభాగం అన్నారు కదా, శరీరం బీ12ని పీల్చుకునేది సరిగ్గా అక్కడే. అది తగ్గినా ఇవే తిమ్మిర్లు, ఇదే మంట. బీ కాంప్లెక్స్ మాత్ర నోట్లో వేసుకుంటున్నారు, అది దిగాల్సిన చోటే పాడై ఉంటే ఎంత ఎక్కుతుంది చెప్పండి? బీ12 లెవెల్ చూపించుకోండి, తక్కువుంటే ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. దాంతో పాటు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) కూడా. ఇంజెక్షన్ వేయించేసుకుని తర్వాత టెస్ట్‌కి వెళ్లకండి, అప్పుడు రిపోర్ట్ చూసి ఏమీ చెప్పలేం.

ఇక అసలు ప్రశ్న, జీవితాంతం వాడొచ్చా అని. మీ కేసులో వద్దు. మందు ఆపగానే చీము వస్తోంది కాబట్టి మందు ఇంకా కావాలి అని మీరు లెక్కేసుకున్నారు, చాలామంది అలాగే అనుకుంటారు, నేను దాన్ని ఇంకోలా చదువుతాను. ఫిస్టులా అంటే పేగు లోపలి నుంచి చర్మం దాకా పడ్డ సొరంగం. యాంటీబయాటిక్ ఆ సొరంగంలో చేరిన క్రిములని తగ్గిస్తుంది, చీము ఎండుతుంది. సొరంగం మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే దాన్ని తవ్వింది క్రిములు కాదు, క్రోన్స్ వాపు. ఆ వాపు అజథయోప్రిన్ ఒక్కదానికి లొంగలేదని మీ చీమే చెబుతోంది, ఏడు నెలలుగా మీరు దాన్ని మాత్రలతో మూసిపెడుతున్నారు. మీ డాక్టర్ నెల రోజులకి రాయడంలో ఉద్దేశం కూడా ఇదే అయి ఉంటుంది, ఈలోపు మిగతా ఏర్పాట్లు చేద్దామని, కానీ మీరు డాక్టర్ దగ్గరికి కాకుండా షాపుకి వెళ్లారు. పాత చీటీకి ఏడు నెలలు మందివ్వడం షాపువాళ్ల తప్పే, నేను వాళ్లని వెనకేసుకురాను.

పెద్దపేగు తీసేసి, చిన్నపేగుతో పౌచ్ (సంచి) చేయించుకున్నవాళ్లలో కొందరికి యాంటీబయాటిక్ ఎక్కువకాలం నడపాల్సి వస్తుంది, అదీ తక్కువ డోసులో, టెస్టులు చూసుకుంటూ. మీది ఆ పరిస్థితి కాదు.

మీకు ఇప్పుడు కావాల్సింది కటిభాగానికి ఎంఆర్ఐ. సొరంగం ఎటు పోతోంది, ఎన్ని కొమ్మలున్నాయి, లోపల చీముగడ్డ దాక్కుందా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. గడ్డ ఉంటే సర్జన్ దాన్ని ఖాళీ చేసి సీటన్ అని వదులుగా ఒక దారం పెడతారు, చీము లోపల నిలవకుండా బయటికి కారిపోవడానికి. ఆ తర్వాత వాపుని అణిచే బయోలాజిక్ మందులు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లేదా అడాలిముమాబ్. ఇన్‌ఫ్లిక్సిమాబ్ సెలైన్‌లో ఎక్కిస్తారు, మొదటి రోజు, 2వ వారం, 6వ వారం, ఆపైన 8 వారాలకోసారి. ఖర్చు ఉంటుంది, దాచను, మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు (అదే మందుకి దాదాపు నకళ్లు) వచ్చాక కొంత తగ్గింది, మీకు ఏ పథకం వర్తిస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడగండి.

ఈ బయోలాజిక్ మందులు మొదలుపెట్టే ముందు టీబీ లేదని తేల్చుకోవాలి, ఇది మన దగ్గర మరీ ముఖ్యం. పేగు టీబీ, క్రోన్స్ అచ్చం కవల పిల్లల్లా ఉంటాయి, బయాప్సీలో కూడా మోసం చేస్తాయి. పైగా సిప్రో లాంటి మందులకి టీబీ క్రిమి మీద కొంత పట్టు ఉంది, నెలల తరబడి వాడితే ఉన్న టీబీ కూడా సగం అణిగి బయటపడకుండా ఉండొచ్చు. అందుకే ఏడు నెలలు సిప్రో వాడానని తప్పకుండా చెప్పండి, తిడతారని దాచకండి. ఛాతీ ఎక్స్‌రే, టీబీ రక్తపరీక్ష లేదా మాంటూ (టీబీకి చేసే చర్మపరీక్ష), హెపటైటిస్ బీ టెస్ట్ చేయిస్తారు.

మాత్రలు ఆపాక చీము మళ్లీ కారుతుంది, కంగారు పడకండి, అది కారడమే మంచిది. కారడం ఆగిపోయి, అక్కడ గట్టిపడి, గుండె కొట్టుకున్నట్టు సలుపు, చలిజ్వరం వస్తే అదే రోజు సర్జన్ దగ్గరికి. నీళ్ల విరేచనాలు హఠాత్తుగా పెరిగితే క్రోన్స్ తిరగబెట్టిందని మీరే తీర్మానించుకోకండి, ఎక్కువకాలం యాంటీబయాటిక్ వాడినవాళ్లలో సీ డిఫ్ అనే క్రిమి పేగులో రెచ్చిపోతుంది, మోషన్ టెస్ట్‌లో తెలుస్తుంది, అది చూడకుండా విరేచనాలు ఆపే లోపెరమైడ్ వేసుకోవద్దు. మడమ వెనక ఉండే స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటిది) పట్టేసినట్టు నొప్పి ఉంటే బరువులెత్తకండి, పరిగెత్తకండి, సిప్రో వల్ల ఆ స్నాయువు తెగే రిస్క్ ఉంది, మధ్యలో స్టెరాయిడ్ వాడి ఉంటే ఇంకా ఎక్కువ. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జోలికి పోకుండా పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి. కల్లు గానీ బీరు గానీ, మెట్రోనిడజోల్ ఆపాక కూడా మూడు రోజులు ముట్టుకోకండి. సిగరెట్, బీడీ అలవాటుంటే క్రోన్స్‌కి అది నేరుగా ఆజ్యం.

మీ ఆవిడ గారు చెప్పిన దారం సంగతి. మామూలు భగందరానికి (క్రోన్స్ లేని ఫిస్టులాకి) క్షారసూత్రం, అంటే ఆయుర్వేదంలో మందు పూసిన దారం, పనిచేయడం నేనూ చూశాను, ఆ వైద్యాన్ని తీసిపారేయను. కానీ అది మెల్లగా కోసుకుంటూ పోయే దారం, నేను పైన చెప్పిన సీటనేమో వదులు దారం, రెండూ ఒకటి కాదు. క్రోన్స్ రగులుతున్న చోట కోస్తే పుండు మానదు, మోషన్‌ని పట్టి ఉంచే కండరం తెగితే లుంగీలోనే అయిపోయే పరిస్థితి వస్తుంది, 36 ఏళ్లకి అది చాలా పెద్ద శిక్ష. ఆమెని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ఎంఆర్ఐ రిపోర్ట్ ముందు పెట్టుకుని సర్జన్‌నే అడగమనండి. పెరుగు మానక్కర్లేదు, పడుతుంటే తినండి, ఫిస్టులాకి దానికీ ఏ సంబంధం లేదు. వెళ్లేటప్పుడు ఆ పాత చీటీ, ఇంట్లో ఉన్న ఖాళీ స్ట్రిప్పులు, మూడేళ్ల కిందటి బయాప్సీ రిపోర్ట్ అన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.