కోపాన్ని సంకల్పబలంతో ఆపలేమని ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ ఎందుకన్నాడు?

నేరుగా ఆపలేమన్నాడు, అసలే ఆపలేమనలేదు. 1649లో అచ్చయిన ఆవేశాల గ్రంథంలో ఆయన లెక్క ఇది: రక్తంలోంచి వడకట్టుకొచ్చిన అతి సూక్ష్మ కణాలు నరాల్లో తిరుగుతూ మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథిని కదిలిస్తాయి. ఆ కదలికే ఆత్మకు కోపంగానో భయంగానో తెలుస్తుంది. (శరీరశాస్త్రంగా ఇది తప్పే. ఆ గ్రంథి చేసే పని నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్‌ను స్రవించడం. సలహా మాత్రం పాడవలేదు.)

రక్తం ఉడుకుతున్నంతసేపు "తగ్గు" అంటే తగ్గదు. అప్పుడు చేయగలిగింది దాని మాట వినకపోవడమే: కొట్టడానికి లేచిన చేతిని ఆపొచ్చు, పారిపోబోయే కాళ్లను నిలబెట్టొచ్చు, నిర్ణయాన్ని వాయిదా వేయొచ్చు.

అసలు పని అంతకు ముందే జరగాలి. భయం పోవాలంటే "ధైర్యంగా ఉండు" అనుకుంటే చాలదు. ప్రమాదం పెద్దది కాదని, పారిపోవడంకన్నా ఎదుర్కోవడమే క్షేమమని చూపే కారణాలను పదేపదే తలచుకోవాలి. చూసినదానికీ అది రేపే ఉద్వేగానికీ మధ్యనున్న పాత ముడిని అలవాటు విప్పి కొత్త ముడి వేస్తుంది. వేటకుక్క సహజంగా కౌజుపిట్టను చూస్తే ఉరుకుతుంది, తుపాకి మోతకు పారిపోతుంది. శిక్షణ పొందాక పిట్టను చూసి ఆగుతుంది, మోత విని పరిగెత్తుకొస్తుంది. కుక్కకే సాధ్యమైంది మనిషికి ఎందుకు కాదంటాడు.

డచ్ తత్వవేత్త స్పినోజా 1677 నాటి 'ఎథిక్స్'లో ఈ గ్రంథి సిద్ధాంతాన్ని ఎద్దేవా చేశాడు. ఒక ఉద్వేగాన్ని అణిచేది దానికి ఎదురైన, అంతకన్నా బలమైన మరో ఉద్వేగమేనట. మంచేదో తెలిసినంత మాత్రాన చాలదు, ఆ తెలివిడి కూడా ఉద్వేగమై పనిచేయాలి.