రాత్రికి రాత్రే ఊరెళ్దామా? కారు ప్రయాణం మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సంక్రాంతికి అమలాపురం వెళ్తున్నాం. మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిది అవుతుంది, తొమ్మిదింటికి బండి తీస్తే ట్రాఫిక్ ఉండదు, పిల్లలు పడుకుంటారు, తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం అంటున్నారు. అత్తగారు కూడా మాతోనే వస్తున్నారు. నాకేమో భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ భయం కరెక్టేనమ్మా, ఆ మాట గట్టిగానే చెప్పండి. మీవారు బాగా నడుపుతారా లేదా అన్నది ఇక్కడ విషయమే కాదు. పొద్దున ఏడింటికి లేచిన మనిషి రాత్రి పన్నెండు అయ్యేసరికి 17 గంటలు మెలకువగా ఉన్నట్టు లెక్క, అప్పటికి రియాక్షన్ ఎంత మందగిస్తుందంటే రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లతో సమానంగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మన దగ్గర డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టే లిమిట్ 0.03 శాతమే. అంటే చుక్క తాగకుండానే ఆ లిమిట్ దాటినట్టు, పైగా అప్పటికి ఇంకా సగం దారి కూడా అవ్వదు, అసలు ప్రమాదమైన టైము రెండు నుంచి ఐదు దాకా ముందే ఉంటుంది.

ఆ టైములో కళ్లు తెరిచే ఉంటాయి గానీ మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది, అది నడిపేవాళ్లకి తెలియను కూడా తెలియదు. 90 స్పీడులో కారు సెకనుకి 25 మీటర్లు పోతుంది కాబట్టి నాలుగు సెకన్లంటే 100 మీటర్లు ఎవరూ నడపకుండానే వెళ్లిపోయినట్టు. ఆ 100 మీటర్లలో రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీ ఒక్కటి ఉంటే చాలు. మన పేపర్లలో తెల్లవారుజాము యాక్సిడెంట్ వార్తలు చూడండి, ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు గుద్దింది అనే వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అందుకని ఆ రాత్రి ఇంట్లోనే నిద్రపోయి పొద్దున ఐదు, ఐదున్నరకి బయల్దేరండి, చౌటుప్పల్ దాటేసరికి వెలుగు వస్తుంది. పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ రష్ ఉంటుంది, మధ్యాహ్నం భోజనం టైము దాటిపోవచ్చు, దాటనివ్వండి. జనవరిలో ఆ రోడ్డు మీద మంచు కూడా ఉంటుంది, ముందు బండి కనపడకపోతే ధాబా దగ్గరో బంకులోనో ఆపేసి మంచు విడిచాక కదలండి.

దారిలో ఆయనకి ఆవులింతలు మొదలైతే అద్దం దించడం, పాటల సౌండ్ పెంచడం లాంటివి పని చెయ్యవు. వెంటనే ఆపి కాఫీ తాగి 20 నిమిషాలు పడుకోమనండి, ఆ కాఫీ పని చెయ్యడానికి కూడా ఇంచుమించు అంతే టైము పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి.

ఇంకోటి, మీ అత్తగారికి వెనక సీట్లో బెల్ట్ పెట్టించండి, ఊపిరాడట్లేదు అన్నా సరే బతిమాలి పెట్టించండి. 2022లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు యాక్సిడెంట్‌లో పోయింది వెనక సీట్లో బెల్ట్ లేకుండా కూర్చునే. చిన్నపిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే దెబ్బ నేరుగా బిడ్డకే తగులుతుంది. చైల్డ్ సీటు కొని వెనక పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు ఎలాగూ ఇస్తారు కదా, బరువైనవి డిక్కీలో కింద, వెనక సీటుకి ఆనించి పెట్టండి, వెనక అద్దం దగ్గర మాత్రం ఏమీ పెట్టకండి, సడన్ బ్రేక్ వేస్తే అవి నేరుగా తలలకి తగులుతాయి.

ప్రశ్న: ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించి కొట్టిస్తే పేలవని మా పంక్చర్ షాపతను అంటున్నాడు, నిజమేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: కాదండీ, ఇది చాలామంది నమ్మే మాటే గానీ పూర్తిగా రివర్స్. గాలి తక్కువుంటే టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ లోపల వేడి పెరుగుతుంది, హైవే స్పీడులో అలా వేడెక్కే టైర్లు పేలతాయి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, అందులో ఫుల్ లోడుకి వేరే నంబర్ ఇస్తారు, ఐదుగురు సామానుతో వెళ్తుంటే ఆ నంబరే కొట్టించండి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. స్టెప్నీలో గాలి కూడా చూపించండి, అవసరం పడ్డ రోజు అందులోనే గాలి ఉండదు చాలామందికి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే మార్చెయ్యాల్సిందే.

ప్రశ్న: వానల్లో రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ముందు బండి వెళ్లింది కదా అని మనమూ వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. ముందు వెళ్లింది లారీ అయ్యుంటుంది, మనది కారు. అడుగు లోతు నీళ్లు వేగంగా పారుతుంటే చాలు చిన్న కారు తేలిపోతుంది, పైగా కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైనుంచి కనపడదు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో ఏకంగా విజయవాడ హైవే మీదే నీళ్లొచ్చి బళ్లు ఆపేశారు, అంత పెద్ద రోడ్డుకే అలా అయితే పల్లెల్లో లోలెవల్ వంతెనల సంగతి ఏం చెప్పాలి. ఒకవేళ కారు నీళ్లలో పడితే ఫోన్ వెతక్కండి, బెల్ట్ తీసి వెంటనే అద్దం దించి పిల్లల్ని ముందు బయటికి పంపాలి, నీళ్లు డోరు సగానికి వచ్చాక డోరు తెరుచుకోదు.

ప్రశ్న: హైవే మీద బండి ఆగిపోతే ఏం చెయ్యాలి? యాక్సిడెంట్ అయినవాళ్లకి సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: బండి ఆగితే వీలైనంత ఎడమకి తీసి నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి, రిఫ్లెక్టర్ త్రికోణాన్ని 50 మీటర్లకి పైనే వెనక పెట్టండి, అందరూ ఎడమవైపు దిగి రెయిలింగ్ అవతల నిలబడండి. కారు వెనక నిలబడి ఫోన్ మాట్లాడటం, డిక్కీ తీసి వెతకడం చేస్తుంటారు, దయచేసి వద్దు. నేషనల్ హైవే అయితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యండి.

సాయం సంగతికొస్తే, ఇరుక్కోరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు, పేరు, ఫోన్ నంబర్ చెప్పమని బలవంతం కూడా చెయ్యకూడదు. 108కి గానీ 112కి గానీ చేసి కిలోమీటర్ రాయి మీద నంబర్, మీరు ఏ ఊరి వైపు వెళ్తున్నారో చెప్పండి, డివైడర్ ఉన్న రోడ్డు మీద ఆ వైపు తెలియకపోతే అంబులెన్స్ అవతలి పక్కకి వెళ్లిపోతుంది.