'అంట' తీసేసి రాయండి

ప్రశ్న: మాది భద్రాచలం దగ్గర ఒక పల్లె. ఉపరాష్ట్రపతి ఎన్నిక మా ఇంట్లో చిచ్చు పెట్టింది. ప్రతిపక్షాలు నిలబెట్టిన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ సుదర్శన్ రెడ్డిగారి రాజకీయ భావాలు నాకు గిట్టవు. ఆయనకు ఓటెయ్యొద్దని 2025 ఆగస్టులో మా ఎంపీకి పోస్టుకార్డు రాశాను. జవాబు లేదు. సంగతి తెలిసి మా మరిది నలుగురిలో, "అది పార్టీలకు అతీతమైన కుర్చీ వదినా, పైగా మన తెలుగాయన. ఆయన రాజకీయాలతో నీకేం పని?" అన్నాడు. ఎన్నిక అయిపోయింది, ఆయన ఓడిపోయారు, మా ఇద్దరికీ మాత్రం ఇంకా మాటల్లేవు. అభిప్రాయాలు నచ్చక ఒక అభ్యర్థిని వద్దనడం తప్పా? కార్డు నకలు కూడా పంపుతున్నాను.

జవాబు: తప్పు కాదమ్మా. మీ మరిదికి మొదటి సగం చదివి వినిపించండి. రెండో సగం మీరొక్కరే చదువుకోండి.

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన వాణ్ని. "పార్టీలకు అతీతం" అన్న మాట పరీక్ష పేపర్లలో ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. ఉపరాష్ట్రపతికి ఉన్న పెద్ద పని రాజ్యసభ చైర్మన్ పని. పార్టీ ఫిరాయించిన సభ్యుడి పదవి ఉంచాలా పీకాలా అన్నది అక్కడ తేల్చేది ఆయనే. 2017 డిసెంబరులో శరద్ యాదవ్, అలీ అన్వర్ల సభ్యత్వాలు రద్దు చేసింది చైర్మన్ హోదాలో వెంకయ్యనాయుడుగారు. 2018 ఏప్రిల్లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాను తొలగించాలంటూ ప్రతిపక్ష ఎంపీలు ఇచ్చిన నోటీసును గుమ్మంలోనుంచే తిప్పి పంపిందీ ఆయనే. ఆ తర్వాత వచ్చిన ధన్‌ఖడ్‌గారైతే రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న కేశవానంద భారతి తీర్పునే బహిరంగంగా ప్రశ్నించారు. ఇవన్నీ తప్పని నేననను. కానీ అలాంటి కుర్చీలో కూర్చోబోయే మనిషి బుర్రలో ఏముందో మనకెందుకు అంటే ఎలా?

ఇక "మన తెలుగాయన" సంగతి. ఆ ఎన్నికలో ఎన్డీయే నిలబెట్టిన సి.పి. రాధాకృష్ణన్‌ది తమిళనాడులోని తిరుప్పూరు. తమిళ పార్టీ డీఎంకే ఆయనకు వ్యతిరేకంగా తెలుగాయన వైపు నిలబడింది. మన తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీలు తెలుగాయన్ని కాదని తమిళాయన వైపు వెళ్లాయి. బీఆర్ఎస్ యూరియా కొరత చెప్పి ఇంట్లో కూర్చుంది. భాషాభిమానం అందరికీ ఉంది, ఓటు పెట్టె దాకా మాత్రం ఎవరూ మోసుకెళ్లలేదు. ఒక్క మీ ఇంట్లోనే దానిమీద మాటలు పోవడం విడ్డూరం. రాధాకృష్ణన్‌గారిని ఆరెస్సెస్ నేపథ్యం చూసి వద్దన్నవాళ్లకు ఎంత హక్కుందో, సుదర్శన్ రెడ్డిగారిని ఆయన తీర్పులు చూసి వద్దనడానికి మీకూ అంతే ఉంది. మీ మరిదికి చదవాల్సింది ఇక్కడితో సరి.

ఇప్పుడు మీ కార్డు. నీలం ఇంకుతో, అంచులు వదలకుండా, ముద్దొచ్చే దస్తూరీ. మూడో వరుస దగ్గర ఆగాను. "ఆయన నక్సలైట్ల మనిషంట. సల్వా జుడుం కేసులో వాళ్లకు మేలు చేశాడంట. అందుకే నిలబెట్టారంట." ఒక్క వరుసలో మూడు 'అంట'లు! మన భాషలో ఇంత సుఖమైన ప్రత్యయం ఇంకోటి లేదు. మాట మనది, పూచీ ఇంకొకరిది.

సల్వా జుడుం అంటే ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం. దానిమీద తీర్పిచ్చినవారిలో సుదర్శన్ రెడ్డిగారు ఒకరు. ఈ 'అంట' ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఆగస్టు 22న కొచ్చిలో హోంమంత్రి అమిత్ షాగారు, ఆ తీర్పే లేకపోతే నక్సల్ తీవ్రవాదం 2020 నాటికే ముగిసిపోయేదన్నారు. అది సుప్రీంకోర్టు తీర్పు, నా సొంతం కాదు, నలభై పేజీలూ చదివి ఉంటే మంత్రిగారు ఆ మాట అనేవారు కాదన్నది సుదర్శన్ రెడ్డిగారి సమాధానం. ఆ వెంటనే మాజీ న్యాయమూర్తులు పద్దెనిమిది మంది మంత్రి మాటను తప్పుపడితే, ఆ పద్దెనిమిది మందిని తప్పుపడుతూ యాభై ఆరుగురు ఇంకో ప్రకటన వదిలారు. ఈ సందడిలో తీర్పును తెరిచి చూసినవాళ్లు ఎంతమందో!

2011 జులై 5న, ఆయన పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, జస్టిస్ నిజ్జర్‌తో కలిసి ఇచ్చిన తీర్పు అది. ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్లను రెండు నెలల శిక్షణతో, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనంతో, చేతికి తుపాకీ ఇచ్చి ప్రత్యేక పోలీసు అధికారులని పేరు పెట్టి మావోయిస్టుల మీదికి పంపడం సమానత్వానికి, ప్రాణానికి హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమంది. ఆ తుపాకులు వెనక్కి తీసుకోమంది. ఆ పనిచేసిన కుర్రాళ్లకు రక్షణ కల్పించమని కూడా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వానికి చెప్పింది. రక్షణ ఎవరి నుంచో వేరే చెప్పాలా? సల్వా జుడుం రోజుల్లో సరిహద్దు దాటి మీ వైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయ ఆదివాసీలను మీరు చూసే ఉంటారు. వాళ్లు మీ సంతకు వస్తే ఒక్కసారి అడగండి, ఎవరికి భయపడి వచ్చారో. ఇద్దరి పేర్లూ చెబుతారు.

ఇంత చదివాక కూడా మీరు ఆయన్ని వద్దనవచ్చు. నిజానికి అప్పుడు గట్టిగా అనవచ్చు. ఎవరికి ఆయుధమివ్వాలో తేల్చుకోవలసింది ప్రభుత్వం, అంతర్గత భద్రతలో కోర్టు అంత లోతుకు దిగకూడదు అన్నది పరువైన వాదన. నాకు అది నచ్చదు, కానీ దాన్ని వినిపించేవారి ముందు కుర్చీ వేసి కూర్చుంటాను. "తీర్పు కోర్టుది, నాది కాదు" అన్న జవాబు కూడా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. న్యాయమూర్తిగా సంపాదించిన పేరుతో బరిలో దిగినప్పుడు, ఆ పేరు తెచ్చిన తీర్పులను జనం తరచి చూస్తారు. చూడాలి కూడా.

నేనూ ఈ 'అంట' బాధితుణ్నే. 2017లో గోపాలకృష్ణ గాంధీ ఉపరాష్ట్రపతికి పోటీ చేసినప్పుడు, ముంబయి పేలుళ్ల దోషి యాకూబ్ మెమన్‌కు ఉరి వద్దని కోరినవాడంటూ శివసేన విరుచుకుపడింది. నేనూ ఊగిపోయాను. స్టాఫ్ రూములో టీ గ్లాసు బల్లమీద కొట్టి, అలాంటివాడికి ఆ పదవేమిటన్నాను. కొత్తగా చేరిన ఇంగ్లీషు మేడమ్ ఒకావిడ తలెత్తకుండా పేపర్లు దిద్దుకుంటూనే, "ఆయన జవాబు చదివారా సార్?" అంది. చదవలేదు. ఆ సాయంత్రం చదివాను. ఆయన ఎవరికైనా సరే ఉరిశిక్ష వద్దంటాడు. గూఢచారి అని పాకిస్థాన్ ఉరి వేసిన... కాదు, వేస్తానన్న మన దేశస్థుడు కులభూషణ్ జాధవ్‌ను వదిలెయ్యమని ఆ దేశాధ్యక్షుడికీ రాశాడు. ఉరిశిక్ష ఉండాల్సిందేనని నా నమ్మకం, కాబట్టి ఆ తర్వాత కూడా ఆయన్ని వద్దనే అన్నాను. అయితే దేశద్రోహి అన్న మాట నా నోట్లోంచి మళ్లీ రాలేదు. ఆవిడ బల్ల దగ్గరికెళ్లి చెప్పాను కూడా. "సరే సార్" అని ఇంకో పేపరు తీసుకుంది.

మీ కార్డు నేను రాసి ఉంటే ఇలా రాసేవాణ్ని: "అయ్యా, సల్వా జుడుం తీర్పులో కోర్టు ప్రభుత్వం పనిలో తలదూర్చిందని నా అభిప్రాయం. అడవి అంచున బతికేవాళ్లం, మావోయిస్టుల భయం ఏమిటో మాకు తెలుసు. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు రాజ్యసభను నడపడం నాకు సమ్మతం కాదు." అంతే. ఇంకా సగం కార్డు మిగులుతుంది. యోగక్షేమాలు రాసుకోండి.

ప్రశ్న: ఈ ఎన్నికలో మనకు ఓటు లేదు, ఎమ్మెల్యేలకూ లేదు. ఎంపీలు పార్టీ చెప్పినట్టు వేస్తారు. ఇక కార్డులు రాసి ఏం లాభం?

జవాబు: ఓటు పార్లమెంటు ఉభయ సభల సభ్యులదే. నామినేటెడ్ సభ్యులకూ ఉంది, రాష్ట్రపతి ఎన్నికలో అయితే వాళ్లకు ఉండదు. కానీ ఇది రహస్య బ్యాలెట్, ఇలాగే ఓటెయ్యాలని పార్టీలు విప్, అంటే ఆదేశం, ఇవ్వడానికి వీల్లేదు. 2025 సెప్టెంబరు 9న తమవాళ్లు 315 మంది వచ్చి ఓటేశారని ప్రతిపక్షం చెప్పుకుంది. లెక్కపెడితే సుదర్శన్ రెడ్డిగారికి వచ్చినవి 300. రాధాకృష్ణన్‌గారికి 452. తెర వెనక ఎంపీ ఒంటరివాడు, కార్డు గుర్తొచ్చినా రావచ్చు.

ప్రశ్న: ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు కూడా ఉన్నాయా? నిజమేనా?

జవాబు: పదిహేను. పోలైన 767లో. పేరు ఎదురుగా ఒకటి అంకె వేయాలి, అంతే పని.