బాత్‌రూం గోడ పగలగొట్టే ముందు ఎంసీబీ ఒక్కటి దించితే చాలా?

హనుమకొండలో పాత ఇంటి బాత్‌రూం టైల్స్ తీయిస్తున్నామని, డీబీలో (ఇంటి స్విచ్‌లన్నీ ఉండే కరెంటు డబ్బాలో) "బాత్‌రూం" అని రాసి ఉన్న ఎంసీబీ (ఒక్కో లైన్‌ను ఆపే చిన్న స్విచ్) దించితే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని కూడా రాశారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మాది కాజీపేటలో నాన్న కట్టించిన ఇల్లు. మూడేళ్ల కింద మేమూ ఇదే పని పెట్టుకున్నాం. పొద్దున్నే నేనే మెయిన్ దించాను. ఫ్రిజ్ ఆగింది, గీజర్ మీది ఎర్ర లైటు ఆరింది. హాల్లో ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. అది కళ్లముందు కనపడుతున్నా నాకు తట్టలేదు. మేస్త్రీ అద్దం పక్కన ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడో లేదో, టప్పుమని నీలం మెరుపు. ఉలి కొస శనగగింజంత కరిగిపోయింది. "కరెంటు తీసిన్నంటివి గద సారూ" అన్నాడు, చెయ్యి విదిలించుకుంటూ. ఆ పూట అతనికి ఏమీ కాలేదు. కానీ ఆ ముఖం నేను మరిచిపోలేను. అద్దం మీది లైటు ఇన్వర్టర్ లైన్ మీద ఉంది. నేను మెయిన్ దించిన క్షణంలోనే బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు ఆ గోడలోకి వచ్చేశాయి.

ఇంకో సంగతి. చాలా ఇన్వర్టర్లలో ముందున్న బటన్ ఆఫ్ చేసినా, మెయిన్ ఉన్నంతసేపు కరెంటు నేరుగా అవతలికి వెళ్తూనే ఉంటుంది. కాబట్టి మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. ఇన్వర్టర్ ప్లగ్గు కూడా పీకేయండి. మీటరు త్రీ ఫేజ్ (కరెంటు తెచ్చే తీగలు మూడు) అయితే లైటు ఒక ఫేజ్ మీద, గీజర్ ఇంకో ఫేజ్ మీద ఉండొచ్చు, ఒక ఎంసీబీ దించితే రెండోది అలాగే ఉంటుంది. రెండు ఫేజ్‌ల మధ్య సుమారు 400 వోల్టులు. పైగా సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే కోస్తుంది, న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే తీగను) ముట్టదు.

ఆపాక నమ్మకం మీద వదలొద్దు. జేబులో పెట్టుకునే టెస్టర్, రబ్బరు చెప్పులు వేసుకుంటే మసకగా వెలుగుతుంది, పగటి వెలుతురులో అది కనపడదు. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన బల్బు వాడమనండి ఎలక్ట్రీషియన్‌ను. మెయిన్ దించకముందు ఒక సాకెట్‌లో అది వెలగాలి. తర్వాత బాత్‌రూంలోని ప్రతి పాయింట్ దగ్గర ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ పట్టి చూడాలి. అయిపోయాక కరెంటు ఉన్న పక్క పోర్షన్ సాకెట్‌లో మళ్లీ వెలిగించి చూడాలి, మధ్యలో బల్బే మాడిపోయి ఉంటే మనం మోసపోతాం.

మా ఎలక్ట్రీషియన్ ఆ రోజు ఇంకో అడుగు ముందుకేశాడు, అదే నాకు నచ్చిన పద్ధతి. బాత్‌రూం వైర్లు డీబీలోనూ, ఇన్వర్టర్ లైన్ దగ్గరా పూర్తిగా ఊడదీసి, కొసలకు కనెక్టర్లు పెట్టి టేపు చుట్టాడు. అప్పుడు మెయిన్ ఎత్తి, కటింగ్ మిషన్‌కు హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ ఇచ్చుకున్నాం. ఆ లైన్ మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ కోసేసే స్విచ్) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. అయితే ఒక చేత్తో ఫేజ్, ఒక చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కాపాడదు.

వైర్లు ఊడదీసేదాకా డీబీ మూతకు తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. మా అత్తమ్మ మధ్యాహ్నం మోటరు నడవట్లేదని, ఎంసీబీ పడిపోయిందనుకుని ఎత్తబోయింది. మీటరు సీలు, దానికి ముందున్న సర్వీస్ వైరు మాత్రం ఎవరూ ముట్టొద్దు. అక్కడ పని ఉంటే 1912కు ఫోన్ చేసి కరెంటాఫీసు వాళ్లనే పిలవండి.

పాత ఇల్లు అన్నారు కాబట్టి ఇదీ చూసుకోండి: ఆ కాలంలో కొందరు ఇనుప నీళ్ల పైపుకే ఎర్త్ కట్టేవారు. ప్లంబర్ ఇప్పుడు ఆ పైపు తీసేసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు వేస్తే ఇల్లు మొత్తం ఎర్త్ పోతుంది, ఎవరికీ తెలియదు కూడా. పైపు కోయకముందే ఎర్త్ వైరు ఎక్కడికి పోతోందో వెతికించండి. పైపుకే ఉంటే పెరట్లో వేరే ఎర్త్ గుంత తీయించి, అది పరీక్ష చేయించాకే గీజర్ ప్లగ్గు పెట్టండి.