కొరియా పెయింటింగ్‌లో ఎర్ర పువ్వు ఊచకోతకి గుర్తెలా అయింది?

పువ్వులూ చెట్లూ వేసిన బొమ్మలో జనం చరిత్ర ఎక్కడుంటుంది అని ఎవరైనా అడగొచ్చు, అలాంటప్పుడు దక్షిణ కొరియా చిత్రకారుడు కాంగ్ యో-బే 1991లో వేసిన ‘కమేలియా రాలింది’ చూడండి.

కమేలియా అంటే మన తేయాకు మొక్కకి దగ్గరి చుట్టమే, దక్షిణ కొరియాలోని జెజు ద్వీపంలో మంచు పడే రోజుల్లో పూస్తుంది. రేకు రేకుగా రాలదు, పువ్వు మొత్తం ఒక్కసారిగా ఊడి పడుతుంది. బొమ్మలో ముందు పెద్దగా కనిపించేది అలా రాలుతున్న ఎర్ర పువ్వే. వెనక మంచులో, ఓ మూల చిన్నగా, ఒక మనిషి తల నరుకుతున్నారు. ముందు అందమైన పువ్వు బొమ్మే అనుకుంటాం, ఆ మూలకి చూపు వెళ్ళాక మాత్రం పువ్వు ఇక పువ్వులా కనపడదు.

ఆ మూలనున్నది జెజు చరిత్రే: 1948 ఏప్రిల్ 3న అక్కడ తిరుగుబాటు మొదలైంది, దాన్ని అణిచే పేరుతో 1954 దాకా సాగిన హింసలో 25,000 నుంచి 30,000 మంది చనిపోయారని అంచనా, ఆ తర్వాత దశాబ్దాల పాటు దాని గురించి బయట నోరెత్తడానికే భయపడ్డారు. చిత్రకారుడు కాంగ్ యో-బే పేరు వెనక కూడా అదే కథ: ఒక పేరు పిలిచి, ఆ పేరున్న వాళ్ళందర్నీ చంపేయడం తెలిసిన తండ్రి, ఎవరికీ లేని పేరు ఏరికోరి పెట్టాడట!

2003లో అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు రో మూ-హ్యున్ ఆ హింసకి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. 2018లో ఆ ఘటనలకి 70 ఏళ్ళయిన సందర్భంగా, చనిపోయినవాళ్ళకి గుర్తుగా చాలామంది కమేలియా బ్యాడ్జీలు పెట్టుకున్నారు. మంచిదే, కానీ బ్యాడ్జీ మీది పువ్వు ముద్దుగా ఉంటుంది, ఆ మూలనున్న కత్తి అందులో లేదు.