ఊళ్లో ఇంటి వాటా, ఇంగ్లండ్‌లో స్టాంప్ డ్యూటీ

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో 4,25,000 పౌండ్లకు ఇల్లు చూశాం. నేను ఇంతవరకు ఎక్కడా ఇల్లు కొనలేదు. నాన్నగారు నాలుగేళ్ల కిందట పోయారు. కృష్ణా జిల్లాలో ఆయన ఇల్లు ఇంకా ఆయన పేరుమీదే ఉంది, అమ్మ అందులోనే ఉంటోంది. నాకొక అక్క. స్టాంప్ డ్యూటీలో ఫస్ట్‌టైమ్ బయ్యర్ (తొలిసారి ఇల్లు కొనేవారి) రాయితీ వస్తుందా? లైఫ్‌టైమ్ ఐసాలో (తొలి ఇంటికో, అరవై దాటాకో వాడుకునేలా ప్రభుత్వ బోనస్‌తో దాచుకునే ఖాతాలో) 20,000 పౌండ్లున్నాయి.

జవాబు: రాకపోవచ్చు. మీరు కొన్నారా లేదా అన్నది కాదు, ప్రపంచంలో ఎక్కడైనా, ఏ దారిన వచ్చినా, ఒక ఇంటిమీద మీకు హక్కు ఉండేదా అన్నదే చూస్తారు. వారసత్వమూ అందులోకే వస్తుంది. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితమైన ఇంట్లో అమ్మగారికి, అక్కగారికి, మీకు తలా ఒక వాటా ఆనాడే వచ్చేసినట్టు. పంచాయతీ రికార్డులో పేరు మారకపోవడం మిమ్మల్ని కాపాడదు. ఇల్లంతా అమ్మగారికే రాసిన వీలునామా ఏదైనా ఉంటే మాత్రం కథ వేరు. ముందు బీరువాలో ఆ కాగితం వెతికించండి.

‘అమ్మకు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చేస్తే సరిపోదా?’ అంటారు చాలామంది. రాయితీకి అది పనికిరాదు. ‘ఇప్పుడు లేదు’ అంటే చాలదు, ‘ఎన్నడూ లేదు’ అనగలగాలి. రెండో ఇంటిపై వేసే అదనపు 5 శాతం విషయంలో మాత్రం ఆ దస్తావేజుకు విలువుంది. అక్కడ చూసేది కంప్లీషన్ (కొనుగోలు పూర్తై ఇల్లు చేతికొచ్చే) రోజు ముగిసేసరికి మీ చేతిలో ఏముందనే. మీ వాటా విలువ 40,000 పౌండ్లకు (అరకోటి రూపాయలకు కాస్త అటూఇటూ) తక్కువైతే ఎలాగూ భయం లేదు. ఇల్లు 60 లక్షలదైతే మీ వాటా 20 లక్షలే కదా.

2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లతో మీరు చూసిన ఇంటికి స్టాంప్ డ్యూటీ, రాయితీ ఉంటే 6,250 పౌండ్లు, లేకపోతే 11,250, అదనం కూడా పడితే 32,500. ‘మా ఊరి ఇల్లు వీళ్లకేం తెలుస్తుందిలే’ అనుకోకండి. స్టాంప్ డ్యూటీ రిటర్న్‌లో ఈ రాయితీ కోరే 32వ కోడ్ వేసేది సొలిసిటరే (మీ లాయరే) అయినా జవాబుదారీ మీదే.

ఐసాకూ ఇదే షరతు. మీరు కట్టింది 16,000, ప్రభుత్వ బోనస్ 4,000 అనుకుందాం. ఇల్లు కొనడానికి వీల్లేక డబ్బు తీసుకుంటే మొత్తంమీద 25 శాతం, అంటే 5,000 కోత పడి 15,000 చేతికొస్తుంది. బోనస్‌తోపాటు మీ సొంత వెయ్యి కూడా పోతుందన్నమాట. అరవయ్యేళ్లు నిండేదాకా కదపకుండా ఉంచితే కోత లేదు.

ప్రశ్న: మావారి పేరిట హైదరాబాద్‌లో 90 లక్షల ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. నా పేరున ఏమీ లేదు. ఇక్కడి ఇల్లు నా ఒక్కదాని పేరునే కొంటే?

జవాబు: కలిసి కాపురం చేస్తున్న భార్యాభర్తలను అదనపు పన్నుకు ఒక్కరిగానే లెక్కేస్తారు. కాబట్టి 5 శాతం పడుతుంది, దాంతో రాయితీ కూడా పోతుంది. ఫ్లాట్ కంప్లీషన్‌కు ముందే అమ్ముడైతే రెండు చిక్కులూ తీరతాయి. అయితే ఇల్లు మీ ఒక్కరిదే అయ్యుండాలి. డిపాజిట్‌లో ఆయన డబ్బుంటే, అది కానుకే తప్ప వాటా కాదని రాసి పెట్టించుకోండి. కొన్నాక ఫ్లాట్ అమ్మి రీఫండ్ అడగడం కుదరదు. కొనుగోలుకు ముందు మూడేళ్లలో మీరు కాపురమున్న ఇల్లయితేనే ఆ దారి తెరుచుకుంటుంది.

ప్రశ్న: హెల్ప్ టు బై (ఇల్లు కొనడానికి ప్రభుత్వం ఇచ్చే రుణ పథకం) దొరకడం లేదు. 4,00,000 పౌండ్ల ఫ్లాట్‌లో షేర్డ్ ఓనర్‌షిప్ (కొంత వాటా కొని, మిగతాదానికి అద్దె కట్టే పద్ధతి) కింద 40 శాతం కొంటున్నాం. పన్ను దేనిమీద?

జవాబు: ఇంగ్లండ్‌లో హెల్ప్ టు బై ఈక్విటీ లోన్‌కు దరఖాస్తులు 2022 అక్టోబరు 31తోనే ఆగిపోయాయి. మీకు రెండు దారులున్నాయి. కొన్న వాటామీదే కడితే 1,60,000కు పన్ను సున్నా, ఎందుకంటే తొలిసారి కొనేవారికి 3,00,000 దాకా పన్ను లేదు. ఆపై వాటా పెంచుకుంటూ పోయినా 80 శాతం దాటేదాకా ఏమీ లేదు. దాటించే కొనుగోలుకు మాత్రం మామూలు రేట్లు, రాయితీ మళ్లీ రాదు. రెండోది, మొత్తం మార్కెట్ విలువమీద ఇప్పుడే 5,000 కట్టేసి చేతులు దులుపుకోవడం. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు. నాలుగైదేళ్లలో ఇల్లంతా సొంతం చేసుకుంటామన్న గట్టి నమ్మకం లేకపోతే మొదటిదే మేలు.

మీ వాటా ఎంత చిన్నదైనా ఫ్లాట్ పూర్తి విలువ 5,00,000 దాటితే రాయితీ మొత్తం ఎగిరిపోతుంది. మామూలు కొనుగోళ్లలోనూ అంతే. 5,00,000 ఇంటికి పన్ను 10,000, అదే 5,01,000 అయితే 15,050. బేరమాడేటప్పుడు ఆ వెయ్యి దగ్గర పట్టు వదలకండి.

ప్రశ్న: మేం కార్డిఫ్‌లో ఉన్నాం. ఇవే లెక్కలా?

జవాబు: కాదు. వేల్స్‌లో తొలి కొనుగోలు రాయితీయే లేదు. వేరే ఇల్లు లేనివారెవరికైనా 2,25,000 దాకా పన్ను సున్నా. స్కాట్లండ్‌లో తొలిసారి కొనేవారికి 1,75,000 దాకా. లైఫ్‌టైమ్ ఐసా మాత్రం మీకూ పనికొస్తుంది. ఖాతాలో తొలిసారి డబ్బు వేసి 12 నెలలు నిండాలి, ఇల్లు 4,50,000 దాటకూడదు, తాకట్టు రుణంతోనే కొనాలి.